సీసాల లెక్క పిల్లాడితో రాయిస్తారా?

ప్రశ్న: మా ఆయన వయసు 43. ఏడేళ్లుగా రోజూ తాగుతున్నారు. బతిమాలాను, తిట్టాను, అలిగి పుట్టింటికి వెళ్లి మళ్లీ వచ్చాను. ఈ మధ్య తనంతట తానే డాక్టర్ దగ్గరికి వచ్చారు. మారాలన్న కోరికను పైకి తెచ్చే కౌన్సెలింగ్, అలవాట్లను మార్చే సీబీటీ, రెండూ కలిపి ఇస్తామన్నారు. వీటిలో ఏది మంచిది? ఒకటి చాలదా? నాన్న రోజూ ఎన్ని సీసాలు ఖాళీ చేస్తున్నారో మా బాబు (12) నోట్‌బుక్‌లో రాస్తున్నాడు. అది కౌన్సెలర్‌కి చూపించవచ్చా?
- ఒక సోదరి

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదేనమ్మా. రెండూ చేయించండి. ఏది గొప్పదో తేల్చే పోటీ అమెరికాలో ఎప్పుడో జరిగింది. ప్రాజెక్ట్ మ్యాచ్ పేరుతో తాగుడు సమస్య ఉన్న 1,726 మందికి, మీరడిగిన ఈ రెండు రకాలూ సహా మూడు రకాల చికిత్సలు ఇచ్చి చూశారు. 1997లో ఫలితాలు వచ్చాయి. మూడింటితోనూ తాగుడు తగ్గింది కానీ, మొత్తం మీద వాటి మధ్య పెద్ద తేడా కనిపించలేదు. కాబట్టి ఆ బెంగ వదిలేయండి.

నేను ఆగిపోయింది ఆ నోట్‌బుక్ దగ్గర.

పన్నెండేళ్ల పిల్లాడు తండ్రి గదిలోకి దొంగచాటుగా వెళ్లి సీసాలు లెక్కపెట్టడమేంటి? మీరు చెప్పి రాయిస్తున్నారో, మీ ఏడుపు చూడలేక వాడే మొదలుపెట్టాడో రాయలేదు. ఏదైనా ఒకటే, మీరు ఆపలేదు. గొడవ జరక్కుండా ఉండాలని వాడు ఎన్నిసార్లు మూడుకి బదులు రెండు రాశాడో! ఆ సంగతి వాణ్ణి అడక్కండి. అసలే ఆ బరువు వాడికి ఎక్కువ. భర్తతో మీకు మాటలు తెగిపోయాయి, మధ్యలో పిల్లాణ్ణి నిలబెట్టారు. మీ ఇంట్లో ముందు బాగుపడాల్సింది మీకూ మీ అబ్బాయికీ మధ్య ఉన్న ఈ ఏర్పాటు. తండ్రిని మాన్పించడం కొడుకు బాధ్యత కాదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

పైగా ఆ లెక్క చికిత్సకే అడ్డం. మీరు చెప్పిన వాటిలో మొదటిదాన్ని, అంటే మారాలన్న కోరికను పైకి తెచ్చే కౌన్సెలింగ్‌ను, 1983లో విలియం మిల్లర్ అనే సైకాలజిస్టు ప్రతిపాదించారు. అందులో ‘మానెయ్’ అని ఎవరూ అనరు. మీరు ‘ఇల్లు గుల్లవుతోంది’ అంటే మీ ఆయన ‘నేనేమన్నా రోడ్డు మీద పడి దొర్లుతున్నానా’ అంటారు, అంతే కదా? ఎదుటివాళ్లు ఎంత వాదిస్తే తాగే మనిషి అంత గట్టిగా తాగుడును వెనకేసుకొస్తాడు. ఎందుకు మారాలో ఆయన నోటితోనే చెప్పించడం ఆ కౌన్సెలర్ పని. కొడుకు రాసిన చిట్టా తెచ్చి ముందు పెడితే ఆయన ముద్దాయి అయిపోతారు, ఇక నోరు విప్పరు.

సీబీటీలోనూ లెక్క ఉంటుంది, కానీ రాసేది తాగేవాళ్లే. ఏ రోజు, ఎవరితో, ఏ టెన్షన్‌లో, ఎంత తాగారన్నది రాసుకుంటే ఏ గడియలో చెయ్యి సీసా మీదికి పోతోందో తెలుస్తుంది. స్నేహితుడు పిలిస్తే ఎలా కాదనాలి, కోరిక పుట్టినప్పుడు అది తగ్గేదాకా ఏం చేయాలి అన్నవి ముందే సాధన చేయిస్తారు. ఒకరోజు తప్పితే ‘ఇంకేముంది, అంతా పోయింది’ అనుకుని మొత్తం తాగేయకుండా ఉండటం కూడా నేర్పిస్తారు. మారాలని మనసులో లేనివాడు ఇవేవీ చేయడు. అందుకే రెండూ కలపడం.

ఒక జాగ్రత్త. ఏడేళ్లు రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. పొద్దున్నే చేతులు వణుకుతుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. మందులు వాడుతూ మాన్పించాలి. మీరు సీసాలు దాచేసే సాహసం చేయకండి.

ఈ రాత్రే బాబుతో, ‘ఇది నీ పని కాదు నాన్నా, నాదే తప్పు’ అనండి. ఆ నోట్‌బుక్ మీరు తీసుకోండి, కౌన్సెలర్‌కి చూపించవద్దు. భార్యగా మీరూ ఒకసారి వచ్చి కూర్చోవచ్చేమో మాత్రం అడగండి.

ఆయన తన లెక్క తప్పు రాసుకుంటే? రాసుకోనివ్వండి. అది ఆయనా కౌన్సెలరూ చూసుకుంటారు.