తేడా అని రాసే ముందు: మాధవికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీవు వచ్చే నెల ఇంగ్లండులోని లీడ్స్ వెళ్లి ఒక దిగుమతి సంస్థలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పగానే మీ పెద్దమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను మాత్రం నీ పని ఏమిటని అడిగాను. వచ్చిన సరుకు ఇన్వాయిస్‌తో సరిపోనప్పుడు, పంపినవారికి ఆంగ్లంలో ఉత్తరాలు రాయడమని చెప్పాడు. అప్పటినుంచి నాకు గర్వమూ గుబులూ కలిసి నిద్ర పట్టడం లేదు. అలాంటి ఉత్తరాలను గుంటూరులో కూర్చుని ముప్పై ఏళ్లు అందుకున్నవాణ్ణి నేను. నీవిప్పుడు వాటిని రాసేవారి కుర్చీలో కూర్చోబోతున్నావు.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. ‘డిఫరెంట్’ తరువాత ‘ఫ్రమ్’ రాస్తే ఎక్కడా ఎవరూ తప్పు పట్టరు. అక్కడివారు మాటల్లో ‘టు’ అంటారు, అమెరికావారు ‘దాన్’ అంటారు, నీవు ‘ఫ్రమ్’ను వదలకు. ‘రో’ అంటే వరుస, అవే అక్షరాలను ‘రౌ’ అని పలికితే గొడవ. ‘డిస్కస్’ తరువాత ‘అబౌట్’ అక్కరలేదు.

ఇక నేను చేసిన తప్పు సంగతి. అది 1984. మా కంపెనీ వర్జీనియా పొగాకు బేళ్లను మద్రాసు రేవు నుంచి ఇంగ్లండుకు పంపింది. పొగాకు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆరితే విడిచిపెడుతుంది. అందువల్ల ఇక్కడ తూచిన బరువుకూ ఓడ దిగాక అక్కడ తూచిన బరువుకూ కొంత తేడా రావడం ఆ వ్యాపారంలో అందరికీ తెలిసినదే. ఆ సారి 340 కిలోలు తగ్గింది. కొన్నవారు బరువులో ‘డిస్క్రెపెన్సీ’ కనిపిస్తున్నదని, మా తూకం చీటీల నకళ్లు పంపమని మర్యాదగా అడిగారు. ఆ మాటకు అర్థం ఇంతే: ఒకేలా ఉండవలసిన రెండు లెక్కలు పొసగడం లేదు, కారణం ఇంకా తెలియదు. అందులో నేరం మోపడం లేదు, కోపం లేదు. నకళ్లు జతచేసి రెండు వాక్యాలు రాసి ఊరుకుంటే సరిపోయేది.

నేను ఊరుకోలేదు. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది, నా ఆంగ్లం యజమాని కంట్లో పడాలన్న ఆరాటం ఉండేది. ‘బరువు విషయమై మన మధ్య ఏర్పడిన డిఫరెన్సెస్‌కు చింతిస్తున్నాము’ అనే అర్థంలో ఒక వాక్యాన్ని గంటసేపు చెక్కి ఉత్తరం చివర చేర్చాను. నా మనసులో ఉన్నవి అంకెలు మాత్రమే. ఒక్కొక్క బేలుకు ఒక్కొక్క రకంగా బరువు తగ్గింది కనుక బహువచనం వాడడమే వ్యాకరణమని కూడా అనుకున్నాను! కానీ ఆంగ్లంలో రెండు అంకెల మధ్య ‘డిఫరెన్స్’ ఉంటే అది తీసివేత లెక్క. ‘మన మధ్య డిఫరెన్సెస్’ ఉన్నాయంటే అది మనస్పర్థ. మన భాషలోనూ ‘లెక్కలో తేడా వచ్చింది’ అనడం వేరు, ‘అన్నదమ్ముల మధ్య తేడాలొచ్చాయి’ అనడం వేరు. తెలుగులో నాకు పుట్టుకతో తెలిసిన ఆ భేదం ఆంగ్లంలో కూడా ఉంటుందని తోచలేదు.

అంతటితో పోలేదు. ఒప్పందంలో ‘డిస్‌ప్యూట్ లేదా డిఫరెన్స్’ ఏర్పడితే మధ్యవర్తి తీర్పుకు పోవాలన్న నిబంధన ఉంది. వివాదం ఉన్నట్లు మీరే రాతపూర్వకంగా ఒప్పుకున్నారు కనుక ఆ నిబంధన ప్రకారం నడుచుకుంటామని వారి న్యాయవాది నుంచి జవాబు వచ్చింది. మిగిలిన సొమ్ము ఆగిపోయింది. అది చేతికి రావడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ రైతులకు ఇవ్వవలసిన బాకీల కోసం మా యజమాని వడ్డీకి అప్పు తెచ్చాడు. ఆయన నన్ను తిట్టలేదు. ఒక సాయంత్రం ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఆ వాక్యం కింద వేలు పెట్టి, ‘ఇది ఎవరి కోసం రాశావయ్యా?’ అని అడిగాడు. ఇప్పటికీ నా దగ్గర సమాధానం లేదు. నీవు వెళ్లే దేశపు 1996 నాటి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) చట్టంలో ‘డిస్‌ప్యూట్’ అనే మాటలో ‘డిఫరెన్స్’ కూడా చేరుతుందని 82వ సెక్షన్‌లో స్పష్టంగా రాసి ఉంది. ఈ రెండు మాటలను ఉత్తరంలో పెట్టేటప్పుడు ఒప్పందం కాగితం పక్కన తెరిచి ఉంచుకో.

నీ విషయంలో నా భయం భాష గురించి కన్నా నీ కోపం గురించే ఎక్కువ. ఏడో తరగతిలో నీ ప్రోగ్రెస్ కార్డులో కూడిక తప్పిందని టీచరుతో పోట్లాడి, ఏడుస్తూ మా ఇంటికి వచ్చావు, గుర్తుందా? కూడిక నిజంగానే తప్పింది, న్యాయం నీదే. అయినా పది మార్కుల డిస్క్రెపెన్సీని నీవు పది నిమిషాల్లో ‘క్వారల్’గా, అంటే పోట్లాటగా, మార్చావు. ఆ రోజు నీ చేతిలో జంతిక పెట్టి ఏమీ అనకుండా ఊరుకున్నాను. అప్పుడే చెప్పి ఉండవలసింది.

‘డౌట్’ అనే మాటతోనూ జాగ్రత్త. మనం క్లాసులో ‘ఒక డౌట్ ఉంది’ అంటే ప్రశ్న అడగబోతున్నామని అర్థం. అక్కడివారి చెవికి అది నమ్మకం లేదన్నట్లు వినబడుతుంది. ‘మీ తూకం చీటీపై నాకు డౌట్ ఉంది’ అని రాశావంటే, ఎక్కడో నాలాంటి గుమాస్తా ఒకడు తనను దొంగ అన్నారని రాత్రంతా కుమిలిపోతాడు. ‘ఆర్గ్యుమెంట్’ కూడా అంతే: కోర్టులో అది వాదన, వంటింట్లో అది కీచులాట.

వారు విభేదించే తీరు కూడా నీకు మొదట్లో అర్థం కాదు. ‘నేను ఒప్పుకుంటానని చెప్పలేను’ అని మెత్తగా అన్నారంటే చాలాసార్లు వారు అసలు ఒప్పుకోవడం లేదు. ‘విత్ రెస్పెక్ట్’ అని మొదలుపెడితే వెనకాలే నీ మాట కొట్టివేత వస్తుంది. ‘అగ్రీ టు డిఫర్’ అన్నప్పుడు ముందున్న ‘అగ్రీ’ విని సంతోషించకు. ఎవరి అభిప్రాయం వారిదేనని, ఇక ఆ చర్చ చాలునని దాని అర్థం.

‘డిసెంట్’ అనే పెద్ద మాటను సరుకు లెక్కలలోకి తేవద్దు. అది ఎక్కువమంది అభిప్రాయానికో అధికారానికో ఎదురు నిలిచేవారి మాట. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి మన కోకా సుబ్బారావు గారు, పోలీసుల నిఘా మనిషి స్వేచ్ఛకు భంగమని, గోప్యత ఆ స్వేచ్ఛలో భాగమని తోటి న్యాయమూర్తులలో ఎక్కువమందితో విభేదించి రాశారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ దారిలోనే గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టింది. డిసెంట్ అంటే నాకు గుర్తొచ్చేది అది. 340 కిలోల పొగాకుకు అంత బరువైన మాట ఎందుకు?

నీ మొదటి ఉత్తరం చిత్తుప్రతిని, పేర్లూ అంకెలూ తీసేసి, నాకు పంపు. చాదస్తమని మీ నాన్న నవ్వితే నవ్వనీ. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి కడుతోంది. అక్కడి తిండి కొన్నాళ్లు నీకు పడకపోవచ్చు. దానికీ వారు ‘డిస్‌అగ్రీ’ అనే అంటారు. తిండి మనతో విభేదించిందట. మనం మాత్రం తిండికీ మనుషులకూ ‘పడదు’ అన్న ఒక్క మాటనే వాడుకుంటున్నాం కదా, అందుకే వారి ‘డిస్‌అగ్రీ’ ఒక్కటీ నాకు మొదటిసారి వినగానే అర్థమైంది.

ఇట్లు,
మీ పెదనాన్న