ఐటీఐ కుర్రాడు ‘చదువుకుంటున్నాడు’ అనకూడదా?

సందేహం: మా అబ్బాయి పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడు. తనంతట తానే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఎంచుకున్నాడు. ఎవరైనా అడిగితే ‘ఐటీఐ చదువుకుంటున్నాడు’ అంటాను. మొన్న ఒక పెళ్లిలో మా బావగారు నలుగురిలో నన్ను సరిదిద్దారు. ‘చదువంటే పుస్తకం చదవడం, వాడిది పని నేర్చుకోవడం, చదువుకుంటున్నాడు అనకూడదు’ అన్నారు. నిజంగా తప్పేనా అండీ? ఇంకో రెండు చిన్న సందేహాలు. పేపర్లలో ఇంజనీరింగ్‌ను ‘వృత్తివిద్యా కోర్సు’ అంటున్నారు, ఐటీఐని కూడా వృత్తివిద్యే అంటున్నారు. రెంట్లో ఏది సరైన వాడుక? వాళ్ల కాలేజీ కరపత్రంలో ‘నైపుణ్యత’ అని ఉంది, అది సరేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: తప్పు కాదమ్మా. మీరన్నదే సరైన తెలుగు. మీ బావగారు ‘చదువు’ అనే క్రియను చూశారు గానీ, దాని పక్కనున్న ‘కొను’ను వదిలేశారు.

‘చదువుతున్నాడు’ అంటే వెంటనే ‘ఏం చదువుతున్నాడు?’ అని అడుగుతాం. పేపరో, నవలో, ఉత్తరమో ఏదో ఒకటి ఎదురుగా ఉండాలి. ‘చదువుకుంటున్నాడు’ అంటే అడిగేది ‘ఎక్కడ?’ అని. ‘మా వాడు కాకినాడలో చదువుకుంటున్నాడు’ అన్నప్పుడు ఆ క్షణాన వాడి చేతిలో పుస్తకం ఉందా, వాడు సినిమా హాల్లో ఉన్నాడా అన్నది ఎవరికీ పట్టదు. ‘కొను’ చేరి ఆ మాటకు ‘విద్య గడించడం’ అనే అర్థం వచ్చింది. ‘చదువుకున్నవాడు’ అంటే పుస్తకం చదివి ముగించినవాడని ఎవరూ అనుకోరు కదా. వార్డులో రోగుల చుట్టూ తిరిగే మెడికల్ విద్యార్థి చదువుకుంటున్నట్టే అయితే, వర్క్‌షాపులో మోటారు వైండింగ్ విప్పే కుర్రాడూ చదువుకుంటున్నట్టే. పైగా ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు. ట్రేడ్ థియరీ ఉంటుంది, లెక్కలూ సైన్సూ ఉంటాయి, డ్రాయింగ్ ఉంటుంది, ఆఖర్న దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ కోసం పరీక్ష ఉంటుంది. బావగారి నిర్వచనం ప్రకారం చూసినా పుస్తకాలకు లోటేమీ లేదు.

‘పని నేర్చుకుంటున్నాడు’ అన్నా తెలుగుగా తప్పు లేదు. కాకపోతే అది షాపులో మెకానిక్ దగ్గర చేరిన కుర్రాడికి ఎక్కువ నప్పుతుంది. ‘ఐటీఐ చేస్తున్నాడు’ అనేవాళ్లూ ఉన్నారు. ఆ ‘చేయడం’లో చిన్నతనం ఉందేమోనని కొందరికి అనుమానం. పీహెచ్‌డీ సంగతి చూడండి. దాన్ని చదువుతున్నానని చెప్పేవాళ్లు అరుదు, అందరూ ‘చేస్తున్నాను’ అనే అంటారు.

అయితే ఆ పెళ్లిలో మిమ్మల్ని నొప్పించింది వ్యాకరణం కాదనుకుంటాను. తెలుగులో ఇలాంటి చిన్నచూపు నామవాచకాల్లో కంటే వాటికి తగిలించే ముక్కల్లో ఎక్కువగా దాక్కుంటుంది. ‘కనీసం ఐటీఐ అయినా చేయించండి’లోని ‘అయినా’, ‘ఏదో ఐటీఐలో పడేశాం’లోని ‘ఏదో’, ‘పడేశాం’, ‘చదువబ్బక ఐటీఐలో చేరాడు’లోని ‘అబ్బక’. ఈ చివరిది మరీ గడుసుది. చేరడానికి కారణాన్ని అడక్కుండానే చెప్పేస్తుంది. ఇంజనీరింగ్‌లో సీటు ‘వస్తుంది’, మెడిసిన్‌లో సీటు ‘కొడతారు’, ఐటీఐతో మాత్రం ‘సరిపెట్టుకుంటారు’. మీ అబ్బాయి తనంతట తాను ఎంచుకున్నాడు కాబట్టి వాడి విషయంలో ఈ క్రియల్లో ఒక్కటీ నిజం కాదు. ‘ఎంచుకున్నాడు’ అనే మీ మాటనే వాడండి, బంధువుల ముందు కూడా.

ఇక ‘వృత్తి’. రెండు వాడుకలూ సరైనవే, చిక్కంతా అక్కడే ఉంది. ఈఏపీసెట్ ర్యాంకుతో దొరికే ఇంజనీరింగ్, ఫార్మసీ లాంటివాటిని పత్రికలు వృత్తివిద్యా కోర్సులంటాయి. ఐటీఐ, ఒకేషనల్ ఇంటర్ చదువులకూ అదే పేరు. ఇంగ్లీషులో రెండు వేరు మాటలున్నచోట తెలుగు ఒక్క మాటతో సరిపెట్టింది. తేడా చెప్పాల్సి వస్తే జనం ‘ప్రొఫెషనల్’, ‘ఒకేషనల్’ అనేస్తున్నారు. అందులో నాకు అభ్యంతరం లేదు. ‘వృత్తి’ మటుకు మొదట్లో ఇలా తక్కువ చూపుకు లోనైన మాట కాదు. బతకడానికి ఆధారమైనది వృత్తి. శాసనాల్లో అగ్రహారాల్లోని పండితులకు భాగాలుగా ఇచ్చిన భూమిని కూడా ‘వృత్తి’ అన్నారు. అంటే వేదం చదివినవాడికీ వృత్తే ఆధారం. తర్వాత ఆ మాట ఎక్కువగా ‘కులవృత్తి’, ‘చేతివృత్తి’ అనే జంటల్లో వినపడుతూ వచ్చింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి అన్నవి పని పేర్లే కాక కులాల పేర్లు కూడా. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ అలా కావు. వీటికి కులం లేదు. ఇంగ్లీషు మాటలు వచ్చి తెలుగు మాటల్ని మింగేస్తున్నాయని బాధపడేవాళ్లలో నేనూ ఒకణ్ణే గానీ, ఈ ఒక్కచోట ఆ అరువు మాటలు మేలే చేశాయనిపిస్తుంది. కులం ఊడింది. చిన్నచూపు మాత్రం ‘ఐటీఐ’ అన్న పొడి అక్షరాలకూ అంటుకుంది. అందుకే పేరు మారిస్తే గౌరవం పెరుగుతుందన్న వాదన మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

మన పెద్ద భాషావేత్తలు మాత్రం ‘వృత్తి’ని ఎప్పుడూ తక్కువగా చూడలేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రూపొందించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి 1962లో వచ్చింది, వ్యవసాయం మీద. చేనేత మీద ఇంకో సంపుటి తర్వాత వచ్చింది. రైతుల నోటా, నేతగాళ్ల నోటా విన్న మాటలకు నిఘంటువు హోదా దక్కింది. మోటారు రిపేరు, వైరింగ్ పనుల మాటలకూ అలాంటి కోశం ఎవరైనా కడితే బాగుండును.

మీ బావగారికి పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. తాపీ పనివాణ్ణి మేస్త్రి అంటాం, బడిలో పాఠం చెప్పేవారిని మాస్టారు అంటాం. మేస్త్రి పోర్చుగీసు వాళ్ల ‘మెస్త్రె’ నుంచి వచ్చింది, మాస్టారు ఇంగ్లీషు ‘మాస్టర్’ నుంచి. ఆ రెండిటికీ మూలం ఒకటే లాటిన్ మాట, ‘మాజిస్టర్’. తెలుగు నేల మీదికి వేరువేరు దారుల్లో వచ్చి, ఒకటి గోడ దగ్గరా ఇంకొకటి నల్లబల్ల దగ్గరా నిలబడ్డాయి. మన ‘విద్య’ కూడా పుస్తకానికే కట్టుబడిన మాట కాదు. ‘కోటి విద్యలు కూటి కొరకే’ అన్నప్పుడు అందులో డిగ్రీలు మాత్రమే ఉన్నాయని ఎవరూ అనరు.

‘వృత్తివిద్యా కోర్సు’ అనాలా, ‘వృత్తివిద్య కోర్సు’ అనాలా అన్నది మీరు అడగలేదు గానీ చాలామంది అడుగుతుంటారు. విద్యాశాఖ, విద్యాలయం లాంటి సంస్కృత సమాసాల్లో దీర్ఘం ఉండాలి. ‘కోర్సు’ సంస్కృతం కాదు కాబట్టి హ్రస్వంతో రాసినా తప్పు పట్టలేం, దీర్ఘం వాడుకలో స్థిరపడింది కాబట్టి అలా రాసినా తప్పు లేదు. ‘వృత్తి’నీ ‘విద్య’నూ విడదీయకుండా కలిపి రాయడం మేలు.

మిగిలింది కరపత్రం. ‘నిపుణ’ నుంచి ‘నిపుణత’ అన్నా వస్తుంది, ‘నైపుణ్యం’ అన్నా వస్తుంది. నైపుణ్యం అన్నాక మళ్లీ ‘త’ చేరిస్తే ఒకే అర్థానికి రెండు ప్రత్యయాలు పెట్టినట్టు. ‘ప్రాముఖ్యత’, ‘ప్రాధాన్యత’ కూడా ఇలా పుట్టినవే. అవి పాతుకుపోయాయి, వాటిని పీకడం ఇక మన వల్ల కాదు. ‘నైపుణ్యత’ ఇంకా అంతగా వేళ్లూనలేదు. కాలేజీ వాళ్లకు చెప్పి వచ్చే ఏడాది కరపత్రంలో ‘నైపుణ్యం’ అని వేయించండి.