టెక్ సందేహాలు: కొండల్లో వేటకు వెళ్లే రైఫిల్‌కు ఏ స్కోపు మంచిది?

ప్రశ్న: డెన్వర్‌లో ఉంటున్నాను. గ్రీన్‌కార్డు ఉంది. అక్టోబరులో సహోద్యోగులతో కలిసి కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్లాలనుకుంటున్నాను. తేలికపాటి 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్ కొన్నాను. 25 రెట్ల వరకు పెద్దదిగా చూపే, 56 మిల్లీమీటర్ల అద్దమున్న స్కోపు (రైఫిల్ మీద బిగించే గురి దుర్భిణి) తీసుకోమని దుకాణదారు చెబుతున్నారు. 1500 డాలర్ల లోపు, దెబ్బలకు తట్టుకునే స్కోపు ఏదో చెప్పగలరా?

జవాబు: ఆ 25 రెట్ల స్కోపు వద్దు. అది చెడ్డదని కాదు, మీ రైఫిల్‌కూ ఆ కొండలకూ సరిపడదు.

దుకాణంలో కౌంటర్ మీద నిలబడి స్కోపులోంచి చూస్తే అద్దం ఎంత స్పష్టంగా ఉందో తెలుస్తుంది. గట్టిదనం మాత్రం కనిపించదు, ఎందుకంటే అది లోపలుంటుంది. బయటి గొట్టం లోపల ఎరెక్టర్ అనే మరో సన్నని గొట్టం ఉంటుంది. దాని ఒక చివర కీలు మీద ఆనుతుంది. స్కోపు పైన, పక్కన ఉండి గురిని సరిచేసే టరెట్లు అనే పిడుల మరలు దాన్ని ఒకవైపు నొక్కుతుంటే, ఎదుటి వైపు నుంచి ఒక స్ప్రింగు తోస్తూ ఉంటుంది. గురి నిలకడ అంతా ఆ స్ప్రింగు మీదే ఆధారపడింది. రైఫిల్ పేలి వెనక్కి తన్నిన ప్రతిసారీ, రాయి మీద పడిన ప్రతిసారీ ఎరెక్టర్ గొట్టం సరిగ్గా పాత చోటికే తిరిగి రావాలి.

సరిగ్గా అంటే ఎంత సరిగ్గా? ముందు అద్దం ఫోకల్ దూరం 20 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ గొట్టం మిల్లీమీటరులో యాభయ్యో వంతు, అంటే 0.02 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 100 మీటర్ల దగ్గర తూటా ఒక సెంటీమీటరు తప్పుతుంది. 500 మీటర్ల దగ్గర ఐదు సెంటీమీటర్లు. మిల్లీమీటరులో పదో వంతు జరిగిందా, 500 మీటర్ల దగ్గర పాతిక సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఎల్క్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పు ఇంచుమించు 30 సెంటీమీటర్లు. కాబట్టి మీరు చేతులు వణకకుండా, ఊపిరి బిగబట్టి కాల్చినా తూటా పొట్టలో దిగుతుంది. ఆ జంతువు దట్టమైన అడవిలోకి పారిపోయి గంటల తరబడి బాధపడి చస్తుంది. స్కోపు ఎంపికలో నేను గట్టిదనాన్నే మొదట చూడమనేది ఇందుకే.

పెద్ద స్కోపు విషయానికొద్దాం. 25 రెట్ల, 56 మిల్లీమీటర్ల అద్దమున్నవి చాలావరకు 900 గ్రాములు దాటుతాయి. మూడు కిలోల రైఫిల్ మీద ఆ బరువు ఎత్తులో కూర్చుంటుంది. మీరు రాళ్ల గుట్ట మీద జారితే దెబ్బంతా స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల మీద పడుతుంది. పోనీ 25 రెట్లు పెంచి చూస్తే లాభముందా అంటే, 3000 మీటర్ల ఎత్తు ఎక్కి ఆయాసపడుతున్నప్పుడు మీ గుండె కొట్టుకోవడం కూడా స్కోపులో కనిపిస్తుంది. వెలుతురు లెక్క కూడా చూడండి. అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు వస్తుంది. 56ను 25తో భాగిస్తే 2.2 మిల్లీమీటర్లు. 42ను 10తో భాగిస్తే 4.2. కొలరాడోలో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయమయ్యాక అరగంట వరకు వేటాడవచ్చు. ఎల్క్‌లు బయటికొచ్చేది ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే. 500 గజాల వరకు 9, 10 రెట్లు చాలు, 12 ఉంటే మరీ మంచిది.

నా సలహా: 40 నుంచి 44 మిల్లీమీటర్ల అద్దం, అడుగున మూడు రెట్లు, పైన తొమ్మిది నుంచి పదిహేను రెట్లు, బరువు 500 నుంచి 700 గ్రాములు. అద్దం కన్నా లోపలి యంత్రాంగం మీద ఖర్చుపెట్టే తయారీదారులను చూడండి. ఎస్‌డబ్ల్యూఎఫ్ఏ వారి 3-9 రెట్ల, 42 మిల్లీమీటర్ల స్కోపు చూడటానికి సాదాసీదాగా ఉంటుంది కానీ దెబ్బ తిన్నా గురి తప్పదని పేరు తెచ్చుకుంది. దాని ధర మీ బడ్జెట్‌లో సగం కూడా ఉండదు. ఐడహోలోని ఒరోఫినోలో ఉన్న నైట్‌ఫోర్స్ స్కోపులు గట్టిదనానికి ప్రసిద్ధి, ధర అందుకు తగ్గట్టే ఉంటుంది. ట్రిజికాన్ స్కోపులను కూడా పరిశీలించండి. లూపోల్డ్ మార్క్ 5హెచ్‌డీ 3.6-18 మంచి స్కోపే కానీ మీ బడ్జెట్ దాటుతుంది. నేనైతే ఎస్‌డబ్ల్యూఎఫ్ఏ స్కోపు కొని, మిగిలిన డబ్బు రింగుల మీద, తూటాల మీద పెడతాను.

‘జీవితకాల వారంటీ’ అనే మాట విని గట్టి సరుకు అనుకోకండి. వారంటీ వల్ల చెడిపోయిన స్కోపు బాగై వస్తుంది. తుపాకీ దెబ్బ తిని పారిపోయిన జంతువు విషయంలో అది చేయగలిగేది ఏమీ లేదు. గొట్టం 30 మిల్లీమీటర్లయితే కాంతి ఎక్కువ వస్తుందనే ప్రచారాన్ని కూడా నమ్మకండి. లావు గొట్టంలో ఎరెక్టర్ కదలడానికి చోటు ఎక్కువ దొరుకుతుంది, అంతే.

టరెట్లలో ఎత్తు సరిచేసేది తాళం పడేది కావాలి, పక్కకు సరిచేసేది మూతతో ఉండాలి. పొదల్లో రాసుకుని తిరిగిపోయిన టరెట్‌ను కాల్చాక గానీ గమనించరు. రెటికల్ (స్కోపులో కనిపించే గురి గీతలు) సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఉంటే దాని గీతల కొలత ఒకే ఒక్క రెట్ల అంకె దగ్గర, సాధారణంగా గరిష్ఠం దగ్గర, నిజమవుతుంది. తొందరలో అది గుర్తుండదు. గాలికి తూటా ఎంత పక్కకు జరుగుతుందో గీతలతో లెక్కించాలనుకుంటే, ఎన్ని రెట్ల దగ్గరైనా ఆ కొలత నిజంగానే ఉండే ఫస్ట్ ఫోకల్ ప్లేన్ తీసుకోండి.

ఇక అసలు పని స్కోపు ఇంటికి వచ్చాక మొదలవుతుంది. గురి తప్పిందని స్కోపును నిందించే సందర్భాల్లో చాలాసార్లు దోషం బిగింపులోనే ఉంటుంది. మరలకూ రింగులకూ ఉన్న నూనెను శుభ్రంగా తుడవండి. టార్క్ కొలిచే స్క్రూడ్రైవర్ కొనండి. రింగు పైమరలకు సాధారణంగా 15 నుంచి 18 అంగుళం-పౌండ్ల బిగింపు చాలు, తయారీదారు వేరే అంకె ఇస్తే దాన్నే పాటించండి. బిగించాక రింగు, గొట్టం కలిసేచోట పెయింట్ పెన్నుతో సన్నని గీత గీయండి. స్కోపు జారితే గీత విడిపోయి కనిపిస్తుంది.

తర్వాత షూటింగ్ రేంజిలో 100 గజాల దగ్గర ఒకే గురికి పది తూటాలు కాల్చండి. మూడు తూటాల గుంపు మీకు తప్పుడు ధైర్యమిస్తుంది. ఇప్పుడు రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి పక్కన పెట్టి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక, మందంగా మడిచిన చాప మీద మోకాలి ఎత్తు నుంచి స్కోపు ఎడమవైపు, కుడివైపు, పైవైపు తగిలేలా పడేయండి. కొత్త వస్తువును అలా పడేయడానికి మనసొప్పదని తెలుసు. అయినా చేయండి. మళ్లీ కాల్చినప్పుడు తూటాలు పాత గుంపులోనే పడితే ఆ స్కోపును కొండెక్కించవచ్చు. పడకపోతే తిరిగి ఇచ్చేయండి. అందుకే వాపసు గడువు మంచిగా ఉన్న దుకాణంలోనే కొనమంటాను, పరీక్ష సంగతి వారికి ముందే చెప్పండి. టరెట్ కొలతను సరిచూడటానికి నిలువుగా పొడవాటి గీత ఉన్న కాగితం కట్టి, టరెట్‌ను పది మిల్‌లు (ఒక మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) పైకి తిప్పి కాల్చండి. 100 గజాల దగ్గర తూటా సరిగ్గా 36 అంగుళాలు పైకి పోవాలి.

స్కోపు లోపల తేమ పట్టకుండా నైట్రోజన్ నింపే పద్ధతిని అమెరికాలో లూపోల్డ్ సంస్థ 1947లో తీసుకొచ్చింది. ఇప్పుడు మంచి స్కోపులన్నిటిలో నైట్రోజన్ లేదా ఆర్గాన్ ఉంటుంది. బయటి అద్దం మీద పట్టే ఆవిరిని మాత్రం ఏ వాయువూ ఆపలేదు. రాత్రి రైఫిల్‌ను వేడిగా ఉండే గుడారంలోకి తెచ్చి, మళ్లీ చలిలోకి తీసుకెళ్లే అలవాటు వద్దు.

చట్టం సంగతి రెండు మాటల్లో: 1949 జనవరి 1న లేదా ఆ తర్వాత పుట్టినవారు కొలరాడోలో వేట లైసెన్సు కోసం హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. బాలిస్టిక్ కంప్యూటర్ అమర్చిన ‘స్మార్ట్ రైఫిల్’ అక్కడ నిషిద్ధం, కాబట్టి దూరం తనే కొలిచి గురి చూపే ఎలక్ట్రానిక్ స్కోపుల జోలికి పోకండి. మీకు గ్రీన్‌కార్డు ఉంది కనుక ఇబ్బంది లేదు. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసా మీదున్న స్నేహితులు ఉంటే, సాధారణంగా చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లేకుండా తుపాకీ చేతపట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమని వారికి చెప్పండి.

ప్రశ్న: తూటా ఎంత కిందికి జారుతుందో చెప్పే ఫోన్ యాప్ డాలస్‌లో ఇచ్చిన లెక్క సరిపోయింది. కొలరాడో కొండల్లో 500 గజాల దగ్గర తూటా పైన తగిలింది. యాప్ తప్పా?

జవాబు: యాప్‌కు ఇచ్చిన గాలి ఒత్తిడి తప్పయి ఉంటుంది. వాతావరణ యాప్‌లు చూపే ఒత్తిడి సముద్రమట్టానికి సవరించిన అంకె. డెన్వర్‌లో అది 1015 హెక్టోపాస్కల్స్ అని చూపినా, అక్కడ నిజంగా ఉండేది 835 దరిదాపుల్లో. 3000 మీటర్ల ఎత్తులో ఇంచుమించు 700. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గర ఉన్నదానిలో 74 శాతమే, అందుకే తూటా తక్కువ కిందికి జారుతుంది. ‘స్టేషన్ ప్రెషర్’, అంటే మీరున్న చోట నిజంగా ఉండే ఒత్తిడి అంకెనే ఇవ్వండి. చాలా ఫోన్లలో బారోమీటర్ సెన్సార్ ఉంటుంది, దాన్ని నేరుగా చదివే యాప్ పెట్టుకోండి. స్టేషన్ ప్రెషర్ ఇచ్చాక ఎత్తును మళ్లీ ఇస్తే కొన్ని యాప్‌లు రెండుసార్లు సవరిస్తాయి, సెట్టింగ్స్ చూడండి. ఏటవాలు కూడా లెక్కలోకి వస్తుంది. 30 డిగ్రీల వాలులో 400 గజాల దూరాన్ని 346 గజాలుగా తీసుకోవాలి. వాలును కూడా లెక్కించే రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) ఆ అంకె ఇచ్చేస్తుంది.

ప్రశ్న: ఆదిలాబాద్‌లో మా నాన్నగారి పొలం మీద అడవిపందులు పడుతున్నాయి. ఇక్కడ అమెరికా నుంచి థర్మల్ స్కోపు (చీకట్లో ఒంటి వేడిని బట్టి జంతువును చూపేది) పంపవచ్చా?

జవాబు: పంపకండి. రైఫిల్ స్కోపులు, థర్మల్ పరికరాలు అమెరికా ఎగుమతి నియంత్రణల కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా సూట్‌కేసులో పెట్టుకొచ్చినా నేరమే. భారత్‌లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషిద్ధం. పంటను పాడుచేసే అడవిపందిని చంపాలన్నా ప్రభుత్వ అనుమతి ఉన్నవారే చేయాలి. పంట నష్టానికి అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, కాబట్టి నష్టం కనిపించిన రోజే ఫొటోలు తీసి దరఖాస్తు చేయమనండి. స్కోపు డబ్బుతో సోలార్ కంచె వేయించండి. అందులో ఎనర్జైజర్ (కంచెకు కరెంటు పంపే పెట్టె) క్షణకాలం మాత్రమే షాక్ పంపుతుంది, జంతువు బెదిరి వెనక్కి పోతుంది. ఇంటి కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఆ తీగలు మనుషుల ప్రాణాలు తీస్తున్నాయి.