మోకాలు మార్చాక ఏం మారుతుంది? పాఠకుల ప్రశ్నలకు ఎముకల వైద్యుని జవాబులు

చెన్నైలోని తెలుగు కుటుంబాల నుంచి మోకీళ్ల మార్పిడి గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నాలుగింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయస్సు 66. మావారు పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. మూడేళ్లుగా రెండు మోకాళ్లూ నొప్పి. ఎక్స్‌రే చూసిన డాక్టరు గారు గుజ్జు పూర్తిగా అరిగిపోయిందని, ఇది నాలుగో దశ అని, రెండు కాళ్లకూ ఒకేసారి ఆపరేషన్ చేయించుకోమని చెప్పారు. నేను మాత్రం కూరలు, పూలు తెచ్చుకోవడానికి రోజూ మార్కెట్ దాకా నడిచి వెళ్లి వస్తున్నాను. మెట్లు దిగేటప్పుడే కష్టంగా ఉంటోంది. షుగర్ కూడా ఉంది. ఆలస్యం చేస్తే ఆపరేషన్‌కు కూడా పనికిరాకుండా పోతానేమోనని పిల్లలు తొందరపెడుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట, రోజూ మార్కెట్ దాకా నడిచి వెళ్లి వస్తున్నానని మీరు రాసినది. ఆపరేషన్ నిర్ణయించవలసింది ఎక్స్‌రే ఒక్కటే కాదు; ఆ కాళ్లతో మీ రోజు ఎలా గడుస్తోందన్నది కూడా చూడాలి. ఎక్స్‌రేలో ఎముకకు ఎముక తగులుతున్నా హాయిగా తిరిగేవారున్నారు, అరుగుదల కొద్దిగానే కనిపిస్తున్నా రాత్రిళ్లు నిద్రపట్టనివారూ ఉన్నారు. రాత్రి నొప్పితో మెలకువ వస్తున్నా, ఇంట్లో స్నానాల గదికి వెళ్లడానికే గోడ పట్టుకోవలసివస్తున్నా, మాత్రలు వేసుకున్నా ఫలితం లేకపోయినా అప్పుడు ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించాలి. మీరు ఇంకా అక్కడికి రాలేదని మీ మాటలే చెబుతున్నాయి.

ముందుగా రెండు విషయాలు సరిచూసుకోండి. మీ ఎక్స్‌రే నిలబెట్టి తీశారా, పడుకోబెట్టి తీశారా? శరీరం బరువు కీలు మీద పడినప్పుడే సందు ఎంత తగ్గిందో నిజంగా తెలుస్తుంది కనుక నిలబెట్టి తీసినదే లెక్కలోకి తీసుకోవాలి. రెండవది, మీ తుంటినీ నడుమునూ ఎవరైనా పరీక్షించారా? తుంటి కీలు అరిగినప్పుడు నొప్పి మోకాలిలో తెలియడం మేము తరచుగా చూసేదే. అలాంటివారికి మోకాలు మార్చినా నొప్పి అలాగే ఉండిపోతుంది.

ఇక తొందర సంగతి. ఆరు నెలలో, ఏడాదో ఆగినందువల్ల మీరు ఆపరేషన్‌కు పనికిరాకుండా పోరు. అయితే కాళ్లు దొడ్డికాళ్లుగా వంగిపోతున్నా, మోకాలు పూర్తిగా చాపలేకపోతున్నా, నడక మానేయడం వల్ల తొడ కండరం కరిగిపోతున్నా మరీ వాయిదా వేయకూడదు. ఆ స్థితిలో ఆపరేషన్ చేసినా కోలుకోవడం కష్టమవుతుంది. అందువల్ల ఆరు నెలలకొకసారి చూపించుకుంటూ ఈలోగా తొడ కండరాలకు వ్యాయామం చేయండి. కుర్చీలో కూర్చుని ఒక కాలు నిటారుగా చాపి, పది లెక్కపెట్టి, మెల్లగా దించాలి. కాలికి పదిసార్ల చొప్పున రోజుకు మూడు పూటలు చేయాలి. బరువు ఎక్కువగా ఉంటే కొంతైనా తగ్గించుకోండి. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుంది. డెన్మార్కులో ఆపరేషన్‌కు అర్హులైన 100 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మోకాలు మార్చారు, మరొక జట్టుకు వ్యాయామం, బరువు తగ్గించే ఆహారం, మందులతో చికిత్స చేశారు. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. నొప్పి తగ్గడంలో ఆపరేషన్ చేయించుకున్నవారే చాలా ముందున్నారు, కానీ తీవ్రమైన ఇబ్బందులు కూడా వారికే ఎక్కువగా వచ్చాయి. వ్యాయామపు జట్టులో ఏడాది లోపల ఆపరేషన్ వైపు వెళ్లినవారు నలుగురిలో ఒకరు మాత్రమే. ఆపరేషన్ వద్దని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మీకు కొంత వ్యవధి ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

ఆపరేషన్ అంటే మోకాలు మొత్తం కోసి తీసివేస్తారని చాలామంది భయపడతారు. అరిగిన పంటిని సానబట్టి తొడుగు వేసినట్లే, తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగాన సుమారు ఒక సెంటీమీటరు మందం మేరకు చెక్కి లోహపు తొడుగులు అమర్చి, వాటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలక ఉంచుతారు. చుట్టూ ఉండే కండరాలు, ప్రధానమైన పక్క స్నాయువులు మీవే. ఈ కీళ్లు ఎంతకాలం మన్నుతాయో ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ దేశాల ఆపరేషన్ రిజిస్టర్లను బట్టి 2019లో లెక్కగట్టారు. పూర్తిగా మార్చిన మోకీళ్లలో సుమారు 82 శాతం 25 ఏళ్ల తరువాత కూడా మార్చవలసిన అవసరం లేకుండా పనిచేస్తున్నాయి. అంటే 66 ఏళ్ల వయస్సులో చేయించుకునేవారికి ఆ కీలు జీవితాంతం పనిచేసే అవకాశమే ఎక్కువ.

కీలు మన్నడం వేరు, మనిషి తృప్తి పడడం వేరు. ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఐదుగురిలో సుమారుగా ఒకరు ఫలితంతో పూర్తిగా సంతృప్తి చెందడం లేదని అనేక దేశాల పరిశీలనలు చెబుతున్నాయి. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పడం వైద్యుని బాధ్యత అని నేను నమ్ముతాను. అరుగుదల ఇంకా తక్కువగా ఉండగానే తొందరపడి చేయించుకున్నవారిలో ఈ అసంతృప్తి ఎక్కువ. ఇరవై ఏళ్లనాటి కాళ్లు తిరిగి వస్తాయని ఆశించినవారిలోనూ అంతే.

రెండు కాళ్లకూ ఒకేసారి అన్నదాని గురించి చెబుతాను. గుండె గట్టిగా ఉండి, వయస్సు మరీ ఎక్కువ కానివారికి అది చేయవచ్చు, ఒకేసారి మత్తు, ఒకేసారి విశ్రాంతి అన్న సౌకర్యమూ ఉంది. కానీ గుండె, ఊపిరితిత్తులకు సంబంధించిన చిక్కులు ఒక కాలికి చేసినప్పటి కంటే ఎక్కువ. షుగర్ ఉన్న మీకు ముందు గుండె పరీక్ష చేయించి, మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) ఎనిమిది లోపునకు, వీలైతే ఏడున్నర లోపునకు తెచ్చుకున్నాకే ఆ మాట ఆలోచించాలి. మన ప్రధానమంత్రిగా ఉన్నప్పుడు అటల్ బిహారీ వాజపేయి గారికి ముంబైలో 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ఈ ఆపరేషన్ జరిగింది. చేసినవారు న్యూయార్కులో స్థిరపడిన భారతీయ వైద్యులు చిత్తరంజన్ రణావత్. అంతటివారికే రెండింటి మధ్య ఎనిమిది నెలలు ఆగారు. మీరు ఒక కాలికి చేయించుకుని, అది కుదుటపడ్డాక రెండవదాని సంగతి చూడడంలో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: మా అమ్మగారికి 68 ఏళ్లు. కుడి మోకాలు మార్చి ఐదు వారాలైంది. ఇంకా వాపు ఉంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంటోంది. కుట్టుకు బయటివైపు చర్మం మొద్దుబారింది. నడుస్తుంటే లోపల టిక్కుమని శబ్దం వస్తోంది. కాలు పూర్తిగా చాపలేకపోతోంది, చాపితే నొప్పి అని మోకాలి కింద తలగడ పెట్టుకునే పడుకుంటోంది. చీము పడుతుందని మా పిన్ని పప్పు, గుడ్డు, వంకాయ మాన్పించింది. ఆపరేషన్ విఫలమైందేమోనని భయంగా ఉంది.
– ఒక కొడుకు, అంబత్తూరు

జవాబు: మీరు రాసినవాటిలో భయపడనవసరం లేనివి మూడు, వెంటనే సరిదిద్దవలసినవి రెండు ఉన్నాయి.

వాపు, వెచ్చదనం మూడు నుంచి ఆరు నెలల వరకు ఉండవచ్చు; సాయంత్రానికి పెరిగి పొద్దుటికి తగ్గుతుంటే అది మామూలే. మొద్దుబారడానికి కారణం, మోకాలి ముందు కోత పెట్టేటప్పుడు చర్మానికి స్పర్శనిచ్చే చిన్న నరం కొమ్మ తెగడం. ఆ మొద్దుబారిన మేర నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది, దానివల్ల నడకకు ఏ లోటూ రాదు. టిక్కుమనే శబ్దం లోహమూ ప్లాస్టిక్కూ ఒకదానికొకటి తగలడం వల్ల వచ్చేది. నొప్పి లేనంతవరకు దానిని పట్టించుకోకండి.

మోకాలి కింది తలగడను మాత్రం ఈ రోజే తీసివేయండి. దానివల్ల ఆ పూటకు హాయిగా ఉంటుంది, కానీ కాలు వంగి ఉన్న స్థితిలోనే బిగుసుకుపోతుంది. పూర్తిగా చాపుకోలేని మోకాలితో నడిచేవారు ప్రతి అడుగుకూ కుంటుతారు, తొడ కండరం త్వరగా అలసిపోతుంది, కొంతకాలానికి నడుము కూడా నొప్పి పెడుతుంది. మోకాలు వంచడం గురించి ఇంట్లో అందరూ అడుగుతారు, చాపడం గురించి అడిగేవారే ఉండరు. ఆపరేషన్ ఫలితాన్ని నిలబెట్టేది మాత్రం మొదట చాపడమేనని ఇన్నేళ్ల అనుభవంతో చెబుతున్నాను. మీ అమ్మగారిని మంచం మీద పడుకోబెట్టి మోకాలి వెనుక మీ చేయి దూర్చి చూడండి. అరచేయి సులువుగా దూరుతుంటే అంతమేరకు కాలు చాపుకోవడం లేదన్నమాట. ఒక తుండుగుడ్డను గట్టిగా చుట్టి మడమ కింద పెట్టండి. మోకాలికి కింద ఏ ఆధారమూ లేకుండా దాని బరువుకే అది కిందికి దిగాలి. అలా పది పదిహేను నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. ఆ స్థితిలోనే తొడ బిగించి, మోకాలి చిప్పను పైకి లాగుతున్నట్లుగా ఐదు లెక్కపెట్టి వదలమనండి. ఏడుపు వచ్చేంత నొప్పి ఉండనవసరం లేదు. డాక్టరు రాసిన నొప్పి మాత్రను వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటే పని తేలికవుతుంది. తరువాత బట్టలో చుట్టిన ఐసు పావుగంట పెట్టండి. వేడి కాపడం, నూనె మర్దన ఇప్పుడు వద్దు.

వంచడానికి, గచ్చు మీద కుర్చీ వేసి, కాలికి మేజోడు తొడిగి, పాదాన్ని నేల మీద వెనక్కి జరుపుతూ పోవడం చక్కని పద్ధతి. పాదం ఎంతవరకు వచ్చిందో గచ్చు మీద సుద్దతో గీత గీసి, మరునాడు ఆ గీతను దాటమనండి. ఇలా గీతలు గీసుకున్న ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరూ చెప్పకుండానే వ్యాయామం చేయడం నేను చూశాను. ఆరో వారానికి కూడా మోకాలు తొంభై డిగ్రీలు వంగకపోతే వెంటనే సర్జన్‌కు చూపించండి. మత్తు ఇచ్చి కీలును సడలించే చికిత్స మొదటి మూడు నెలల లోపు చేస్తే బాగా పనిచేస్తుంది, ఆ తరువాత కష్టం.

రెండవది తిండి. పప్పు తింటే చీము పడుతుందన్నది నిజం కాదు. పుండు మానడానికి, కండరం తిరిగి రావడానికి మాంసకృత్తులే కావాలి. పప్పు, పెరుగు, గుడ్డు అన్నీ పెట్టండి. మీ పిన్నిగారు ప్రేమతోనే మాన్పించి ఉంటారు. ఆవిడకు ఈ మాట నా తరఫున నచ్చజెప్పండి.

కుట్టు దగ్గర చెమ్మ ఊరినా, చలిజ్వరం వచ్చినా, తగ్గుతూ వచ్చిన నొప్పి ఒక్కసారిగా పెరిగినా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. ఇన్‌ఫెక్షన్ వచ్చేది నూటికి ఒకరిద్దరికే, కానీ వచ్చినప్పుడు రోజులు చాలా ముఖ్యం. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు వేయకండి. అవి లోపలి చీమును అణచిపెట్టి, పరీక్షలో ఏ క్రిమో తెలియకుండా చేస్తాయి. పిక్క ఉన్నట్టుండి వాచి గట్టిపడినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగకూడదు, నేరుగా అత్యవసర విభాగానికే తీసుకువెళ్లాలి.

ప్రశ్న: బంగారు రంగు కీలు అని ఒకరు, రోబో ఆపరేషన్ అని మరొకరు చెబుతున్నారు. ఖర్చులో లక్షల తేడా ఉంది. ఏది మంచిది? మాది మధ్యతరగతి కూడా కాదు.
– ఒక పాఠకుడు, వ్యాసర్‌పాడి

జవాబు: బంగారు రంగు ఒక పూత మాత్రమే, అందులో బంగారం ఉండదు. లోహపు అలర్జీ ఉన్న కొద్దిమందికి అది ఉపయోగపడవచ్చు, మిగిలినవారికి మామూలు కోబాల్ట్ క్రోమియం కీలు చాలు. ఏళ్ల తరబడి మన్నినట్లు లెక్కలున్నది కూడా ప్రధానంగా దానికే. రోబో సాయంతో ఎముకను మరింత కచ్చితంగా చెక్కగలుగుతారు, నిజమే. కానీ దానివల్ల రోగి నడక, నొప్పి దీర్ఘకాలంలో ఎక్కువ మెరుగుపడతాయని ఇంకా రుజువు కాలేదు. అప్పు చేసి దాని వెంటపడనవసరం లేదు. ఏటా ఎన్ని మోకీళ్లు మారుస్తారని సర్జన్‌ను అడగండి, అది న్యాయమైన ప్రశ్న.

కేంద్ర ప్రభుత్వపు ధరల నియంత్రణ సంస్థ 2017 ఆగస్టులో మోకీళ్ల ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. అంతవరకు లక్షన్నర దాటి ఉన్న కోబాల్ట్ క్రోమియం కీలు ధరను పన్ను కాక 54,720 రూపాయలకు దించింది. బిల్లులో ఇంప్లాంట్ ధరను విడిగా చూపమని అడగండి. మీకు తమిళనాడు రేషన్ కార్డు ఉండి, కుటుంబ వార్షికాదాయం 1,20,000 రూపాయల లోపు ఉంటే ముఖ్యమంత్రి బీమా పథకం కింద ఈ ఆపరేషన్‌కు అవకాశం ఉంది. సెంట్రల్ స్టేషన్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఎముకల విభాగంలో చూపించుకుని, అక్కడి బీమా విభాగంలో కనుక్కోండి. ఇంట్లో 70 ఏళ్లు నిండినవారుంటే, 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కార్డుకు వారు అర్హులు.

ప్రశ్న: రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయి ఏడాదిన్నర అయింది. నొప్పి లేదు. నేల మీద కూర్చుని పూజ చేసుకోవచ్చా? అలిపిరి మెట్లెక్కి కొండకు వెళ్తానని మొక్కుకున్నాను, అది తీర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మాంబళం

జవాబు: మార్చిన మోకాలు సాధారణంగా 110 నుంచి 120 డిగ్రీలు వంగుతుంది. మఠం వేసుకోవడానికి, గొంతుకూర్చోవడానికి అది చాలదు. కొందరికి వంగినా, పదే పదే అలా కూర్చుంటే లోపలి ప్లాస్టిక్ మీద ఒత్తిడి పెరుగుతుంది. పూజకు దేవుడి మందసాన్ని కాస్త ఎత్తున పెట్టించుకుని ఎత్తయిన పీట మీదో, కుర్చీలోనో కూర్చోండి. మరుగుదొడ్డి కూడా కుర్చీ పద్ధతిదే వాడాలి.

అలిపిరి మెట్లు సుమారు 3,550. ఎక్కడం వల్ల కీలు ఊడిపోదు, ఆపరేషన్ తరువాత నడిచి వెళ్లినవారు నాకు తెలుసు. కానీ మొదట మీ అపార్ట్‌మెంటు మెట్లు నాలుగంతస్తులు ఆగకుండా ఎక్కి, మరునాడు మోకాళ్లు వాచాయేమో చూసుకోండి. వాచకపోతే రెండు మూడు నెలలు సాధన పెంచి, చలికాలంలో, కర్ర చేతపట్టుకుని, తెల్లవారుజామున బయలుదేరి, ఆగి ఆగి ఎక్కండి. దిగేటప్పుడు మాత్రం బస్సులోనే రండి. మోకాలి మీద ఎక్కువ భారం పడేది దిగేటప్పుడే.