ఛాతీలో నొప్పి గ్యాసా, గుండెపోటా అని ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

తేల్చుకోలేరు. నా వరకు జవాబు అక్కడితో అయిపోయింది. అయితే మీరు "నాన్నగారికి 58 ఏళ్ళు, భోజనం తర్వాత అప్పుడప్పుడు ఛాతీలో మంట అంటారు, ఆసుపత్రికి పరుగెత్తే ముందు ఇంట్లోనే గుర్తుపట్టే చిట్కా ఏదైనా ఉందా" అని అడిగారు. ఆ చిట్కాల కోసం వెతుక్కునే అరగంటే మనుషులను మింగుతోందని నా గట్టి నమ్మకం. మా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గుండెపోటుతో పోయినవారిలో ఎక్కువమంది గ్యాస్ అనుకుని పోయినవారే అంటాను. లెక్కలు అడగకండి. ఏ పెద్దకర్మ భోజనాల దగ్గర కూర్చున్నా ఒకటే మాట: "రాత్రి గ్యాస్ అన్నాడు, సోడా తాగి పడుకున్నాడు."

మా బావగారి సంగతి చెబుతాను. ఆయనకు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, ఇల్లు బ్రాడీపేటలో. ఆ ఏడు సంక్రాంతికి అందరం అక్కడే చేరాం. కనుమ నాడు మినుము తినాలని అక్కయ్య గారెలు వేసింది, వాటికి తోడు నాటుకోడి పులుసు. బావగారు మధ్యాహ్నం తిన్నది చాలక రాత్రి కూడా అవే తిన్నారు. పది దాటాక పొట్ట పైభాగంలో, రొమ్ము ఎముక కిందుగా, ఏదో పట్టేసినట్టుందన్నారు. ఒక వాంతి అయింది. ఇంకేముంది, ఇంట్లో ఉన్నవారంతా వైద్యులైపోయారు. ఒకరు జీలకర్ర నీళ్ళు మరిగించారు, ఒకరు ఈనో కలిపారు, పిల్లవాడిని గోళీసోడాకు పంపారు. వెల్లుల్లి కాల్చి తినిపించమన్నారు బెజవాడ నుంచి వచ్చిన ఆయన తమ్ముడు. ఛాతీలో నొప్పి లేదు, ఎడమ చెయ్యి లాగడం లేదు, కాబట్టి గుండె కానే కాదని తీర్మానించారు. సినిమాల్లో ముసలి తండ్రి ఎడమవైపు పట్టుకుని కుప్పకూలడం చూసి చూసి, అలా పడకపోతే అది గుండెపోటే కాదని మనవాళ్ళలో నాటుకుపోయింది.

పైగా ఆ తమ్ముడి దగ్గర సాక్ష్యం కూడా ఉంది. దసరా ముందే అన్నయ్య చెకప్ చేయించుకున్నారట, ఈసీజీ, టీఎంటీ రెండూ నార్మలేనట. ఈ ప్యాకేజీ చెకప్‌ల మీద నాకు చాలా కోపం. ట్రెడ్‌మిల్ మీద నడిపించే ఆ టీఎంటీ పరీక్ష రక్తనాళం బాగా ఇరుకైతేనే పట్టుకుంటుంది. చాలాసార్లు గుండెపోటు తెచ్చేది అంత ఇరుకు చేయని కొవ్వు పూతే. అది మొటిమ చిట్లినట్టు ఒక్కసారిగా చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది, నిన్నటిదాకా సగం తెరిచి ఉన్న నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. అక్టోబరు కాగితం జనవరి రాత్రికి పనికిరాదు.

నేను చూసింది బనియను. చలికాలం, ఫ్యాను కూడా వేయలేదు, అయినా బనియను పిండితే నీళ్ళు కారేలా ఉంది. ముఖం పాలిపోయింది. ఇది గ్యాస్ కాదు, చల్లటి చెమటలు పడుతున్నాయి, పదండి అన్నాను. నా మాట ఎవరు వింటారు? ఈలోగా వాళ్ళ బాబాయిగారు లేచారు. ఆయన పాత గుండె రోగి, జేబులో గుండెనొప్పి బిళ్ళ సార్బిట్రేట్ లేకుండా గడప దాటరు. "ఎందుకైనా మంచిది" అని ఒక బిళ్ళ తీసి బావగారి నాలుక కింద పెట్టారు. కాసేపటికే బావగారికి కళ్ళు తిరిగి, కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు.

అక్కయ్య ఒక్క మాట కూడా అనలేదు, కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ళ అత్తగారు గుమ్మంలో అడ్డుపడి, "కనుమ నాడు కాకైనా కదలదంటారు, తెల్లవారాక వెళ్ళండమ్మా" అన్నారు. "కాకి కదలకపోతే దాని ఇష్టం అత్తయ్యా, మేము వెళ్తున్నాం" అన్నది అక్కయ్య. ఆ ఇంట్లో ఆ రాత్రి జరిగిన అసలు వైద్యం అదే అంటాను నేను.

శంకర్ విలాస్ వంతెన దాటి కొత్తపేట వైపు వెళ్ళాం. అప్పట్లో మామూలు సాయంత్రాల్లో ఆ వంతెన మీద అంబులెన్సు కూడా మొత్తుకుంటూ నిలబడాల్సి వచ్చేది. పండగ రాత్రి కావడంతో దారి ఖాళీగా దొరికింది. మీరు మాత్రం సొంత కారు తీయకండి, 108కు ఫోను చేయండి. దారిలో గుండె ఆగితే, స్టీరింగు పట్టుకున్నవాడు ఏం చేయగలడు?

ముందు కనిపించిన చిన్న ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చాలా చిన్నమ్మాయి. కాగితం మీద సంతకాల కన్నా ముందు ఈసీజీ తీయించింది. అది చూసి, కుడివైపు కూడా తీగలు పెట్టి మళ్ళీ తీయమంది. బీపీ 80, నాడి 44. "ఇంట్లో ఏమైనా మందు వేశారా?" అని అడిగింది. బిళ్ళ సంగతి చెబితే తల పట్టుకుంది.

ఆ తర్వాత ఆమే తీరిగ్గా విడమరచి చెప్పింది. గుండె కింది గోడ డయాఫ్రం మీద ఆని ఉంటుంది, దాని కిందే పొట్ట. ఆ గోడకు రక్తం ఆగిపోతే నొప్పి పొట్టలోదే అనిపిస్తుంది, వికారం, వాంతి కూడా వస్తాయి. ఆ గోడకు ఎక్కువమందిలో రక్తం తెచ్చేది కుడి కరొనరీ ధమని. గుండె లయను నడిపే కణజాలానికి కూడా చాలామందిలో అదే ఆధారం, అందుకే నాడి మందగించింది. బావగారికి గుండె కుడి గది కూడా దెబ్బతింది. అలాంటప్పుడు ఒంట్లోంచి తిరిగి వచ్చే రక్తం నిండుగా ఉంటేనే ఆ గది పని చేయగలదు. సార్బిట్రేట్ సిరలను వదులు చేసి ఆ రాకనే తగ్గిస్తుంది. బాబాయిగారికి ప్రాణం నిలిపే బిళ్ళ బావగారి ప్రాణం మీదికి తెచ్చింది. సెలైను వేగంగా ఎక్కించాకే బీపీ లేచింది. ఇంకొకటి, వయాగ్రా లాంటి మందు వాడినవారికి ఆ బిళ్ళ పెట్టినా బీపీ పాతాళానికి పోతుంది. పదిమంది చుట్టాల మధ్య ఆ సంగతి ఏ మగాడు ఒప్పుకుంటాడు? కాబట్టి ఒకరి బిళ్ళ ఇంకొకరికి పెట్టకండి. ఇంట్లో ఇవ్వదగ్గది ఆస్పిరిన్ ఒక్కటే, సుమారు 300 మిల్లీగ్రాములు, నమిలి మింగాలి. అదైనా 108 వారిని అడిగి, ఆ మందు పడనివారికీ, రక్తస్రావం ఉన్నవారికీ కాకుండా.

అసలు రభస వరండాలో మొదలైంది. నాళం పూర్తిగా మూసుకుపోయిన రకం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వగలను, లేదా పది నిమిషాల దూరంలో క్యాథ్ ల్యాబ్ (గుండె నాళాల్లోకి గొట్టం పంపి వైద్యం చేసే గది) సిద్ధంగా ఉంది, యాంజియోప్లాస్టీకి, అంటే మూసుకున్న నాళాన్ని బెలూనుతో తెరవడానికి పంపుతాను, ఇప్పుడే చెప్పండి అన్నది ఆ అమ్మాయి. తమ్ముడుగారు హైదరాబాదు అన్నారు. గుంటూరు నుంచి సుమారు 270 కిలోమీటర్లు! ఇంకొకరు బెజవాడ సూర్యారావుపేటలో తెలిసిన డాక్టరున్నారన్నారు. మనకు ఊళ్ళో ఉన్న వైద్యం వైద్యంలా కనిపించదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో 2016లోనే గుండె మార్పిడి చేశారని చెబితే ఇప్పటికీ నమ్మనివారున్నారు. మిర్యాలగూడ దగ్గర గుండె ఆగిపోతే హైదరాబాదులో ఎంత పెద్ద డాక్టరుంటే ఏం లాభం?

ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. రెండు గంటల్లోపు నాళంలో బెలూను ఉబ్బించగల చోటు అందుబాటులో ఉంటే యాంజియోప్లాస్టీ మేలు. లేదంటే ఉన్నచోటే ఇంజెక్షన్, నొప్పి మొదలైన 12 గంటల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది. స్ట్రెప్టోకైనేస్ అయితే 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంట పాటు ఎక్కిస్తారు. టెనెక్టిప్లేస్ అయితే బరువును బట్టి ఒక్క ఇంజెక్షన్. తర్వాత నాళాల్లో అడ్డు ఎక్కడుందో చూసే యాంజియోగ్రామ్‌కు పంపుతారు. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చే స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయే ఈ రకం గుండెపోటు పేరు) కార్యక్రమం మన రాష్ట్రంలో 2023లో మొదలైంది. పల్లెటూళ్ళవారు దగ్గరి ఏరియా ఆసుపత్రిని దాటేసి నగరానికి పరుగెత్తనక్కరలేదు. చచ్చిపోయిన గుండె కండరం మళ్ళీ పెరగదు, అక్కడ మచ్చ మిగులుతుంది. వరండాలో వాదించుకున్న ప్రతి నిమిషం ఆ కండరంలోంచే పోతుంది.

"స్టెంట్లు డబ్బు కోసం వేస్తారు" అని తమ్ముడుగారు చివరి అస్త్రం తీశారు. స్టెంటంటే తెరిచిన నాళం మళ్ళీ మూసుకోకుండా లోపల పెట్టే సన్నటి జాలీ గొట్టం. ఆ అనుమానం పూర్తిగా తప్పని నేను అనను. ఏళ్ళ తరబడి నిలకడగా ఉన్న ఇరుకు నాళానికి వేసే స్టెంటు నొప్పి తగ్గిస్తుందేగాని, ఆయుష్షు పెంచుతుందని పెద్ద పరిశోధనల్లో తేలలేదు. కానీ నాళం మూసుకుపోయి కండరం చస్తున్నప్పుడు తెరవడం వేరే సంగతి, అది ప్రాణం నిలిపే పని. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూత ఉన్న స్టెంటుకు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 రూపాయలు అని గరిష్ఠ ధర పెట్టింది, తర్వాత సవరిస్తూ వస్తోంది. అయినా బిల్లు లక్షల్లోనే వస్తుంది, ఎందుకంటే బిల్లులోని మిగతా పద్దులకు కళ్ళెం లేదు. ఆ గొడవ తర్వాత పడవచ్చు, ముందు సంతకం పెట్టాలి. అక్కయ్య పెట్టింది.

మణికట్టు దగ్గరి ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డ ఉన్నచోట బెలూను ఉబ్బించి, స్టెంటు పెట్టారు. 1977లో జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొదటిసారి గుండె నాళంలో బెలూను ఉబ్బించినప్పుడు ఆ రోగి మెలకువగానే ఉన్నాడు. మా బావగారూ అంతే. బల్ల మీద పడుకునే కోల్డ్ స్టోరేజీ రసీదులు బీరువాలో ఏ అరలో ఉన్నాయో అక్కయ్యకు చెప్పమని నర్సుకు పురమాయించారట. ఇంటికి పంపే ముందు ఎకో అనే గుండె స్కానింగులో గుండె పంపింగ్ 50 శాతం వచ్చింది, ఆ రాత్రి జరిగిన ఆలస్యానికి అది అదృష్టమే. స్టెంటు పడ్డాక రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల బిళ్ళలు మామూలుగా ఏడాది వాడాలి. "ఇంగ్లీషు మందులు ఎన్నాళ్ళు మింగుతావు" అని సలహా ఇచ్చే చుట్టం ప్రతి ఇంటికీ ఒకరుంటారు. మధ్యలో మానేస్తే స్టెంటులోనే గడ్డ కట్టవచ్చని ఆ పెద్దమనిషికి ఎవరు చెప్పాలి?

వాట్సాప్ చిట్కాల సంగతి కూడా చెప్పి తీరాలి. గోరువెచ్చని నీళ్ళలో కారం కలిపి తాగిస్తే నిమిషంలో గుండెపోటు ఆగుతుందట. అదే నిజమైతే మా మిర్చి యార్డులో ఒక్కడికీ గుండెపోటు రాకూడదు! ఇంకొకటి, గట్టిగా దగ్గుతూ ఉంటే గుండె మళ్ళీ కొట్టుకుంటుందట. నిజంగా గుండె ఆగినవాడు క్షణాల్లో స్పృహ తప్పుతాడు, ఇక దగ్గేదెవరు? మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీయకపోతే, 108కు చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాలు దిగేలా నొక్కుతూ ఉండాలి. అది ఒక్కటి నేర్చుకోండి, మిగతా ఫార్వర్డులన్నీ తుడిచేయండి.

ఇక మీ నాన్నగారు. షుగరు ఉందో లేదో మీరు రాయలేదు. షుగరు ఉన్నవారికీ, ఆడవారికీ, పెద్ద వయసువారికీ ఛాతీ నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు: దవడ లాగడం, ఆయాసం, విపరీతమైన నీరసం, చెమటలు. ఆయనది నిజంగా ఆసిడ్ మంటే కావచ్చు. కానీ ఆ మంట మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గుతుంటే ఈ వారమే కార్డియాలజిస్టుకు చూపించండి. ఊరికే కూర్చున్నా వచ్చి పది, పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే, లేదా చెమట తోడైతే, ఆ నిమిషమే 108. మొదటి ఈసీజీ మామూలుగా ఉందని ఇంటికి లేచి రాకండి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ బయటపడడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే ఆ పరీక్షనూ ఈసీజీనీ మళ్ళీ చేస్తారు. ఆయన పాత ఈసీజీ ఏదైనా ఉంటే ఇప్పుడే ఫొటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి, కొత్తదాన్ని దానితో పోల్చి చూస్తే డాక్టరుకు పని తేలికవుతుంది.