వియన్నాలో తెల్ల గుర్రాలు చూడబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ అమ్మను తీసుకుని వియన్నా వెళ్తున్నావు కాబట్టి అక్కడి తెల్ల గుర్రాల విన్యాసాలు చూపించే గుర్రపుస్వారీ బడి, స్పానిష్ రైడింగ్ స్కూల్ గురించి కొన్ని సంగతులు రాస్తున్నాను. టికెట్ కొనే ముందు ఏం చూడాలో తేల్చుకో. ప్రదర్శన, పొద్దుటి సాధన, గైడుతో సందర్శన: మూడింటికీ వేర్వేరు టికెట్లు. సాధన టికెట్ చవక కదా అని కొనుక్కుని, గుర్రం ఒక్కసారైనా ఎగరలేదని ఉసూరుమనేవాళ్లు చాలామంది. అప్పుడు జరిగేది నిజంగా సాధనే. ఒళ్లు వేడెక్కించి, వచ్చిన అడుగులే మళ్లీ మళ్లీ వేయిస్తారు. మీకు సమయం తక్కువైతే ప్రదర్శనకే వెళ్లండి. వేసవిలో గుర్రాలకు సెలవులుంటాయి, తేదీలు స్కూల్ సొంత వెబ్‌సైట్‌లోనే చూసుకో. టికెట్ అక్కడ గానీ, మిహేలర్‌ప్లాట్జ్‌లోని కౌంటర్లో గానీ కొను. విగ్గులు పెట్టుకుని వీధిలో పిలిచేవాళ్లు అమ్మేవి సంగీత కచేరీల టికెట్లు. యూ3 మెట్రోలో హెరెన్‌గాసె స్టేషన్లో దిగితే నాలుగడుగులే.

సీటు విషయంలో పిసినారితనం వద్దు. 1729–1735 మధ్య కట్టిన ప్రదర్శన హాలు సుమారు 55 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు. చుట్టూ గ్యాలరీలు, 46 స్తంభాలు. వెనక వరుసలో కూర్చుంటే మీ వైపు గోడ వారన నడిచే గుర్రం కనపడదు. ముందు వరుస తీసుకో. పొట్టి గోడ వైపు దొరికితే మరీ మంచిది, ఎనిమిది గుర్రాలు జతలుగా కదిలేటప్పుడు వరుస ఎంత తిన్నగా ఉందో అక్కడినుంచే తెలుస్తుంది. నిలబడి చూసే టికెట్ మీ అమ్మకు వద్దు, గంటకు పైగా నిలబడాలి. లిఫ్ట్ సంగతి ముందే అడుగు. ఫొటోలు తీయనివ్వరు, ఫోన్ జేబులో పెట్టెయ్.

రౌతులు లోపలికి రాగానే ఆ హాలు కట్టించిన ఆరవ చార్లెస్ చక్రవర్తి చిత్రానికి టోపీ తీసి వందనం చేస్తారు. ముదురు రంగు గుర్రాలు కనిపిస్తే వేరే జాతి అనుకోకు. ఈ స్కూల్ గుర్రాల జాతి పేరు లిపిజానర్. వాటి పిల్లలు నల్లగానో గోధుమ రంగులోనో పుట్టి, ఆరు నుంచి పదేళ్ల వయసుకు తెల్లబడతాయి. ఇక విన్యాసాలు: లెవాడ్‌లో గుర్రం ముందుకాళ్లు లేపి, వెనక కాళ్లు వంచి అలాగే నిలుస్తుంది. ఎత్తుగా లేచింది గొప్ప అనుకుంటారు కానీ, ఒళ్లు ఎంత కిందికి ఉంటే అంత కష్టం, బరువంతా వంగిన కీళ్ల మీదే పడుతుంది. కూర్బెట్‌లో వెనక కాళ్ల మీదే గెంతుతుంది. కాప్రియోల్‌లో నాలుగు కాళ్లూ నేల విడిచి, గాల్లోనే వెనక్కి తన్నుతుంది. ఆ క్షణంలో రౌతు పాదాలు చూడు, రికాబులుండవు. అయ్యాక కోటు జేబులోంచి చక్కెర బిళ్ల తీసి పెడతాడు.

వీలైతే గైడు సందర్శన ముందురోజే పెట్టుకో. స్టాల్‌బర్గ్‌లోని గుర్రపు శాలలు చూశాక ప్రదర్శన ఇంకా బాగా అర్థమవుతుంది. గుర్రాల్ని తాకవద్దు, కరుస్తాయి. పొద్దున వాటిని వీధి దాటించి హాలుకు నడిపించడం రైట్‌షూల్‌గాసెలో ఉచితంగానే చూడొచ్చు.

పాత గైడు పుస్తకాల్లో ఉన్న లిపిజానర్ మ్యూజియం కోసం వెతకొద్దు, అది మూతపడింది. దానికి బదులు హెల్డెన్‌ప్లాట్జ్ వైపు నడిచి, పాత రాజభవనంలో భాగమైన నోయె బుర్గ్‌లోని ఆయుధాల మ్యూజియానికి వెళ్లండి. గుర్రాలకు తొడిగిన ఉక్కు కవచాలు అక్కడున్నాయి. రాజుల బండ్లు చూడాలంటే మాత్రం షోన్‌బ్రున్ ప్యాలెస్ దాకా పోవాలి, అది ఇంకోరోజు పెట్టుకోండి.

మీ మామయ్య