గర్వమే మనిషిని దేవుడి నుంచి విడదీస్తే, ఆ స్వేచ్ఛ ఇవ్వడమెందుకు?

మీ ప్రశ్న రెండు ముక్కలు: గర్వానికి దారితీస్తుందని తెలిసి కూడా దేవుడు స్వేచ్ఛ ఎందుకిచ్చాడు, తర్వాత ఆయనే ఎందుకు దూరం పెట్టాడు అని. దూరం పెట్టింది ఆయన కాదనేది నా గట్టి నమ్మకం, అది మా ఇంట్లో చూసి నేర్చుకున్నా.

మా పెదనాన్న సంఘ పెద్ద, బైబిల్లో ఎక్కడ అడిగినా చూడకుండా చెప్పేవాడు. ఒకసారి డబ్బు లెక్కల దగ్గర మా నాన్నకీ ఆయనకీ తేడా వచ్చింది, తప్పు నాన్నదే, అందులో అనుమానం లేదు. కొన్నాళ్ళకి నాన్న క్షమాపణ అడగడానికి వాళ్ళింటికెళ్ళాడు, నన్నూ తీసుకెళ్ళాడు. పెదనాన్న లోపల గదిలో ఒళ్ళో బైబిల్ పెట్టుకుని కూర్చున్నాడు, తలుపుకి గడియ కూడా లేదు. నన్ను పంపితే వెళ్ళి "పెదనాన్నా, నాన్నొచ్చాడు" అన్నా. "నేనెప్పుడో క్షమించాను, కానీ వాడి మొహం చూడను. తప్పు తనదేనని అందరి ముందూ ఒప్పుకోమను, అప్పుడొస్తా" అన్నాడు. నాన్న ఒప్పుకున్నాడు, ఇంట్లో వాళ్ళందరి ముందూ, లోపలికి వినపడేలా. అయినా ఆయన లేవలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నా, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు, రావాలనే ఉంది, లేవడం చేతకావట్లేదు.

అందుకే గర్వం అంటే డబ్బు, బట్టలు, డాబు అని ప్రసంగాల్లో చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అసలైన గర్వం "నాది రైటు" అన్న చోట పుడుతుంది. లూకా 15లో యేసు చెప్పిన తప్పిపోయిన కొడుకు కథలో, ఇంటి పట్టునే ఉన్న పెద్ద కొడుకుని చూడండి, తండ్రి మాట ఎప్పుడూ జవదాటలేదు, ఆ లెక్క పట్టుకునే ఇంటి బయట నిలబడిపోయాడు, తండ్రే బయటికొచ్చి బతిమాలాడు. మనవాళ్ళేమో ఎప్పుడూ తప్పిపోయిన చిన్న కొడుకు మీదే చెప్తారు, ఎందుకంటే వినేవాళ్ళలో సగం మంది పెద్ద కొడుకులే, చెప్పేవాళ్ళు కూడా.

ఇక స్వేచ్ఛ సంగతి. మంచి ఎంచుకునే శక్తి మనిషికి తనంతట తనకే ఉందన్నట్టు పెలేగియస్ అనే పాతకాలపు క్రైస్తవ బోధకుడు చెప్తే, ఆ కాలపు బిషప్పు అగస్టీన్ ఒప్పుకోలేదు, చెడ్డ చిత్తానికి, అంటే చెడు కోరే మనసుకి, మొదలు గర్వమే అన్నాడు, ఆ చిత్తం దేవుడి కృప లేకుండా దానంతటది బాగుపడదన్నాడు. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో కూడిన బిషప్పులు కూడా పెలేగియస్ బోధ తప్పన్నారు. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1525లో, మనిషి చిత్తానికి స్వేచ్ఛ ఉందన్న పండితుడు ఎరాస్మస్‌కి జవాబు రాస్తూ ఇంకా ముందుకెళ్ళి చిత్తం బందీ అనే అన్నాడు. చదువుకున్నవాళ్ళు దీనిమీద ఎంతైనా కొట్టుకోనీయండి, నేను అగస్టీన్ పక్షం, ఆ కుర్చీలో మనిషిని చూశాక వేరే పక్షం ఉండటం నావల్ల కాదు. ఎవరూ కట్టెయ్యలేదు, అయినా కదల్లేకపోయాడు. మరి దేవుడు బలవంతంగా లేపొచ్చుగా అంటారేమో. నాన్న కూడా చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కొచ్చుండొచ్చు, వచ్చేది ఒళ్ళు మాత్రమే, అన్న కాదు. స్వేచ్ఛ తీసేస్తే గర్వం పోతుంది నిజమే, దాంతోపాటు ప్రేమించే మనిషీ పోతాడు.

దూరం పెట్టింది దేవుడే అని ఇంకా అనిపిస్తే ఆదికాండం 3వ అధ్యాయం వరసగా చదవండి. ఆదాము, హవ్వ చెట్ల మధ్య దాక్కోవడం 8వ వచనంలో, ఎక్కడున్నావని ఆయన పిలవడం 9లో, తోటలోంచి పంపెయ్యడం ఎక్కడో 23లో. మధ్యలో వాళ్ళిద్దరికీ చర్మపు బట్టలు కూడా ఆయనే తొడిగాడు, అది 21.